మిస్ ఓగిల్వీ గారి పైగది

కర్స్టీ మెల్‌డ్రమ్ నాతో అన్న మొదటి మాట, "వేలు తియ్యకు" అని.

తీసే ధైర్యం నాకూ లేదు. అప్పటికే ముప్పావు గంటగా పళ్ల డాక్టరు గారి ముందుగదిలో మోకాళ్ల మీద కూర్చుని, పైపు నోటికి బొటనవేలు అడ్డం పెట్టి ఉన్నాను. కింద మీగడ రంగు తివాచీ. దాని మీద నా మోకాళ్ల దగ్గర్నుంచి తలుపు దాకా సిరా ఒలికినట్టు నల్లటి నీళ్లు. డాక్టరు గారి భార్య గుమ్మంలో నిలబడి, నన్ను తిట్టడానికి తగిన మాట కోసం వెతుక్కుంటోంది.

మా డూగల్ మామయ్య దగ్గర నేను పెయింటర్‌ని. మా ఊరు ఫార్ఫర్ చుట్టుపక్కల ఇళ్లకు రంగులు వేయడం, గోడలకు వాల్‌పేపర్ అంటించడం మా పని. గది వెచ్చగా ఉండటానికి గోడకు తగిలించే వేడినీళ్ల రేడియేటర్ వెనక కూడా కాగితం అంటించాలంటే ముందు దాన్ని ఊడదీయాలి. దానికి ప్లంబర్ దాకా ఎందుకు, రెండు నట్లు విప్పితే చేతికొచ్చేస్తుంది కదా అనుకున్నాను. వచ్చింది. దానితో పాటు ఇంట్లో ఉన్న వేడినీళ్లన్నీ వచ్చాయి.

ప్లంబర్ కోసం కబురు పెడితే వచ్చిన కర్స్టీ తన పనిముట్ల సంచి కింద పెట్టి, నా పక్కనే చతికిలబడి, ముందు పైపు వంక, తర్వాత నా వంక చూసింది. తలకు ఉన్ని టోపీ, చెంప మీద గ్రీజు మరక.

"ఈ పక్క వాల్వ్ కట్టేశావు. ఆ పక్కది?"

"ఆ పక్కన కూడా ఉంటుందా?"

"కాళ్లకి బూట్లెన్ని వేసుకుంటావు?"

"రెండు."

"దీనికీ అన్నే."

చెయ్యి చాచి రెండో వాల్వ్ కట్టేసింది. నా వేలు తీయమంది. ఒక్క చుక్క రాలేదు. నా వేలు మాత్రం ఉడికిన బంగాళదుంపలా ముడతలు పడి ఉంది. దాన్ని చూసి నవ్వు ఆపుకోవడానికి ఆమె పడిన అవస్థ ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

ఆ తర్వాత మామయ్య ఒక నియమం పెట్టాడు. రేడియేటర్ జోలికి నేను వెళ్లకూడదు. ఊడదీయడానికి కర్స్టీ వస్తుంది, మా పని అయ్యాక బిగించడానికి మళ్లీ కర్స్టీయే వస్తుంది. అంటే ఒక్కో గదికి ఆమె రెండుసార్లు వస్తుంది. మామయ్య ఇది నాకు శిక్ష అనుకున్నాడు.

కర్స్టీ వాళ్ల నాన్న ఆర్చీ మెల్‌డ్రమ్ నలభై ఏళ్లు ఊళ్లో ప్లంబర్. నడుం పడిపోయాక వ్యాను తాళాలు కూతురి చేతిలో పెట్టాడు. ఆ వ్యాను మీద "మెల్‌డ్రమ్ అండ్ సన్" అని ఉండేది. కొడుకు పుడతాడని ముందే రాయించుకున్నాడట. పుట్టింది కర్స్టీ. పెయింట్ దండగ అని చెరపలేదు. ఆడపిల్ల స్పానర్ పట్టుకొస్తే మొహం చిట్లించే ఇళ్లు మా ఊళ్లో అప్పట్లో చాలానే ఉండేవి. తలుపు తీసి, ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి, "సన్ ఏడమ్మా?" అని అడిగేవాళ్లు. "నేనే" అనేది కర్స్టీ. పని చూశాక రెండోసారి ఎవరూ అడగలేదు. కానీ ఎక్కడ తప్పు చేస్తుందా అని కనిపెట్టుకుని ఉన్నవాళ్లు ఉన్నారని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

అందుకే ఆమె పని చాదస్తంగా ఉండేది. పాత తువ్వాళ్లు పరిచేది, కింద గిన్నె పెట్టేది, నట్టు కొంచెం వదులు చేసి నల్లనీళ్లు నెమ్మదిగా దిగనిచ్చేది. రేడియేటర్ ఎత్తి బయటపెట్టాక, గోడకు మిగిలిన రెండు వాల్వుల నోళ్లకూ ఇత్తడి బిరడాలు బిగించేది. స్పానర్‌తో బిగించి, చేత్తో ఇంకోసారి తడిమి చూసి, అప్పుడు లేచేది.

ఆమె పని చేస్తుంటే నేను వాల్‌పేపర్ కొలుస్తున్నట్టు నటించేవాణ్ని. "అదే గోడను మూడోసారి కొలుస్తున్నావు, ఏమైనా పెరిగిందా?" అని అడిగేది, తల తిప్పకుండానే.

ఆ చలికాలం ఫార్ఫర్‌లో అవసరం లేకుండా ఊడిన రేడియేటర్లు తక్కువలో తక్కువ ఏడు. తీస్తేనే గోడ శుభ్రంగా వస్తుందని ఇంటివాళ్లను ఒప్పించేవాణ్ని. చివరికి పోస్టుమాస్టరు గారింట్లో దొరికిపోయాను. అక్కడ మేం వేస్తున్నది పైకప్పుకు సున్నం.

"పైకప్పు పనికి కిందున్న రేడియేటర్ ఎందుకు తియ్యాలి యూవన్?"

"చుక్కలు పడతాయని."

"దుప్పటి కప్పితే సరిపోదూ?"

బయట వాన. మా ఊళ్లో వాన ఆగడం అంటూ ఉండదు, అలసిపోయి కాసేపు కూర్చుంటుంది, అంతే.

"దుప్పటి కప్పితే నువ్వు రావు కదా" అన్నాను.

కర్స్టీ వంగి నట్టు విప్పుతూనే ఉంది. టోపీ కింద చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పనంతా అయ్యాక సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గర ఆగి, వచ్చే శనివారం మధ్యాహ్నం తనకేం పని లేదని, గోడతో చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయింది.

*

ఆ వారమే మిస్ ఓగిల్వీ గారింట్లో పని వచ్చింది.

మిస్ ఓగిల్వీ మా ఊరి పియానో టీచరు. నాతో సహా సగం ఊరికి చిన్నప్పుడు వేళ్ల మీద కొట్టి సరిగమలు నేర్పిన మనిషి. ఒంటరిది. ఇన్వర్‌నెస్‌లో ఉన్న అక్క నెట్టీకి వయసు మీదపడి, అప్పుడప్పుడు ఊపిరి సరిగా ఆడక, ఇక తనతో పాటే ఉండిపోవడానికి వస్తోందని పైగది బాగుచేయిస్తోంది. ఆ గదికి సరిగ్గా కింద పియానో ఉండే గది.

గురువారం కర్స్టీ వచ్చి రేడియేటర్ ఊడదీసింది. దాన్ని ఇద్దరం మోసుకెళ్లి వరండాలో పెట్టాం. బిరడాలు బిగించి, వాటి జోలికి వెళ్లొద్దని నాకు ఎప్పటిలాగే చెప్పింది. శుక్రవారం మిస్ ఓగిల్వీ ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి, అక్కను తీసుకురావడానికి ఇన్వర్‌నెస్ వెళ్లింది. పోతూ పోతూ, అక్కకు రంగు వాసన పడదు, వాళ్లొచ్చేసరికి గదిలో వాసన ఉండకూడదు అని మరీ మరీ చెప్పింది.

శనివారం మధ్యాహ్నం కర్స్టీ వ్యాను వేసుకుని రెండింటికి వస్తానంది. ఒంటిగంటకు నేనింకా కిటికీ పక్క పైపుకు తెల్లరంగు వేస్తున్నాను. వాల్వ్ నోటికున్న బిరడా కుంచెకు అడ్డం వస్తోంది. వాల్వ్ మీది అంకెల్లో సున్నా దగ్గర, అంటే మూసి ఉంది. బిరడా కొంచెం తిప్పి చూశాను. చుక్క రాలేదు. ఇంకొంచెం తిప్పాను. రాలేదు. తీసి జేబులో వేసుకున్నాను. రంగు ఆరాక బిగిస్తే పోతుందనుకున్నాను. రెండో వైపు పైపు సోమవారం వేద్దాంలే అని వదిలేశాను. వాసన పోవడానికి కిటికీలు బార్లా తెరిచాను. కింద వ్యాను హారన్ వినిపించింది. మెట్లు మూడేసి చొప్పున దిగాను.

సముద్రం ఒడ్డునున్న ఆర్బ్రోత్ రేవులో గాలి చెవులు కోసేస్తోంది. పొగబెట్టిన చేప కాగితంలో చుట్టించుకుని, రాతిగోడ చాటున కూర్చుని, వేళ్లతో ఒలుచుకు తిన్నాం. ఇంత చల్లగా ఉంటే ఈ రాత్రికి గడ్డకట్టేస్తుంది అంది కర్స్టీ. ఇలాంటి రోజుల్లోనే వాల్వులతో ప్రమాదమని, పని గురించి చెప్పడం మొదలుపెట్టింది. పని గురించి మాట్లాడేటప్పుడు ఆమె కళ్లు మెరిసేవి. నేను ఆ మెరుపు చూస్తూ సగమే వింటున్నాను.

"వాల్వ్ సున్నా మీద పెడితే మూసుకుపోయిందనుకుంటారు అందరూ. గది బాగా చల్లబడిందనుకో, లోపల నీళ్లు గడ్డకట్టకుండా అదంతట అదే తెరుచుకుంటుంది. అలాగే తయారుచేస్తారు దాన్ని. అప్పుడు బిరడా లేకపోతే ఇక అంతే. ఆ పాతకాలం ఇళ్లలో అయితే అటక మీద తొట్టి ఉంటుంది, పోయిన నీళ్లు పోయినట్టే నింపుతూ ఉంటుంది."

నా చెయ్యి జేబులో ఉంది. వేళ్లకు బిరడా తగులుతోంది.

చెప్పి ఉండాల్సింది. "అయ్యో, తీసేశాను, వెనక్కి పోదాం పద" అంటే ముప్పావు గంట ప్రయాణం. తిట్టేది. పళ్ల డాక్టరు గారి తివాచీ గుర్తుచేసేది. బిరడా బిగించి, నవ్వేసేది. ఇదంతా నాకు అప్పుడే తెలుసు. కానీ ఆమె నా పక్కన కూర్చుని ఉంది, భుజానికి భుజం ఆనించి. ఆ నిమిషంలో నేను మళ్లీ ఆ తెలివితక్కువ పెయింటర్‌ని కాదల్చుకోలేదు. ఒక్క రాత్రికి ఏమవుతుందిలే, పొద్దున్నే వెళ్లి బిగిస్తాను అనుకున్నాను.

"వింటున్నావా?" అంది.

వింటున్నానన్నాను. ముద్దు పెట్టుకుంది. ఆమె పెదవుల మీద ఉప్పు, పొగ.

ఆదివారం పొద్దున్న లేచేసరికి బయట మంచు గడ్డకట్టి, రోడ్లు అద్దంలా ఉన్నాయి. ఆదివారం భోజనానికి రమ్మని కర్స్టీ అడిగి ఉంది. ముందు అక్కడికి, తర్వాత మిస్ ఓగిల్వీ ఇంటికి అనుకున్నాను. భోజనాల దగ్గర ఉండగానే వాళ్లింట్లో ఫోన్ మోగింది. అక్కాచెల్లెళ్లు అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. తలుపు తీసేసరికి మెట్ల మీంచి నీళ్లు కారుతున్నాయట. పైగది నేల ఉబ్బిపోయింది. కింది గది కప్పు పియానో మీద పడింది.

కర్స్టీ ఒక్కతే పరిగెత్తింది. తనూ వస్తానన్న తండ్రిని కూర్చోబెట్టింది. నన్ను ఆయనకు తోడుండమంది. ఆమె వెళ్లాక ఆయన నా వంక చూసి, "బిరడాలు బిగించిందిగా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. మొదటి అబద్ధం అది.

*

సోమవారం పొద్దున్న ఆ గదిలో నలుగురం నిలబడ్డాం. మిస్ ఓగిల్వీ, మామయ్య, కర్స్టీ, నేను. కాళ్ల కింద తడి చెక్కలు. నేను అంటించిన కాగితం గోడల నుంచి నాలుకల్లా వేలాడుతోంది. ఒక వాల్వుకు బిరడా ఉంది. రెండోదానికి, ఆదివారం కర్స్టీ వచ్చి కొత్తది బిగించేదాకా, లేదు.

చూసినవాళ్లెవరికైనా, ఒకటి బిగించి ఒకటి మర్చిపోయినట్టే ఉంది.

కర్స్టీ రాత్రంతా నిద్రపోలేదని మొహం చెబుతోంది. రెండూ బిగించానని, ఆదివారం పెట్టింది కాక తన డబ్బాలో రెండు తక్కువ ఉన్నాయని మిస్ ఓగిల్వీకి చెప్పింది. డబ్బాలో బిరడాలు తగ్గడం సాక్ష్యం కాదమ్మా అంది ఆవిడ. అప్పుడు కర్స్టీ నా వైపు తిరిగింది.

"యూవన్, నువ్వు శనివారం ఆ పైపుకి రంగేశావు. అప్పుడు దానికి బిరడా ఉందా?"

ఆమె నిందించడం లేదు. నన్ను నమ్మి అడుగుతోంది. నేను ఉందంటే ఉన్నట్టు.

మామయ్య నా మొహంలోకి చూసి, వెంటనే కిటికీ వైపు తిరిగాడు. ఆయనకు అర్థమైందని నా అనుమానం. నేనిప్పటికీ అడగలేదు.

"నేను చూడలేదు" అన్నాను.

"చూడలేదంటే? రంగేశావుగా. అసలు లేదా?"

"లేదనుకుంటా."

కర్స్టీ తన కుడిచేయి ఎత్తి అరచేతిలోకి చూసుకుంది, అందులో ఏదో రాసి ఉన్నట్టు. ఆ వారం నాలుగిళ్లలో రేడియేటర్లు తీశానని, తడిమి చూసినట్టు గుర్తున్నది బహుశా ఇంకో ఇంట్లోదేమోనని, చాలా చిన్న గొంతుతో అంది. తర్వాత మిస్ ఓగిల్వీకి క్షమాపణ చెప్పింది.

ఆ మధ్యాహ్నమే బిరడాను ఫార్ఫర్ చెరువులో విసిరేశాను.

ఊరు ఎంతో కాలంగా ఎదురుచూస్తున్న తప్పు దొరికింది. మిస్ ఓగిల్వీ ఎవరినీ తిట్టే మనిషి కాదు. పియానో ఏమైందని అడిగినవాళ్లకు జరిగింది చెప్పింది, అంతే. అదే చాలింది. కర్స్టీకి ముందే ఒప్పుకున్న పనులు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. తండ్రి ఒకే ఒక్కసారి కోప్పడ్డాడట, "బిరడా పెట్టకుండా లేవొద్దని నీకెన్నిసార్లు చెప్పానే" అని. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. ఆమె మర్చిపోలేదు.

ఏప్రిల్‌లో వ్యాను అమ్మేద్దామంది. ఆయన ఒప్పుకోలేదు. అది ఇంటి ముందు నిలబడిపోయింది. కర్స్టీ ఊరి పెద్దవీధి హై స్ట్రీట్‌లో బ్రెడ్డు, మాంసం కూరి కాల్చిన బ్రైడీలు అమ్మే బేకరీలో కౌంటర్ దగ్గర చేరింది. తెల్ల ఏప్రాన్, జుట్టుకు వల. తూకం వేసిన ప్రతి పొట్లాన్నీ రెండుసార్లు తూచేది. ఇంట్లో స్టవ్ కట్టేసి, మళ్లీ వెళ్లి చూసి, సగం దూరం వచ్చి, మళ్లీ వెళ్లి చూసేది.

నేను ఆమెను వదల్లేదు. సాయంత్రాలు బేకరీ బయట నిలబడేవాణ్ని. ఇంటిదాకా నడిచేవాళ్లం. ఒకసారి ఆమె నిజంగానే మర్చిపోయి ఉంటే అది అంత పెద్ద నేరమా అని ఓదార్చాను. ఎవరైనా మర్చిపోతారు అన్నాను. నువ్వు ఎంత మంచివాడివి యూవన్ అని నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది. నిజం చెప్పేస్తే ఆ చేతులు వదిలేస్తుందని చెప్పలేదు. రోజు గడిచేకొద్దీ చెప్పడం మరింత కష్టమైంది. వేసవిలో పెళ్లి మాట వచ్చింది. అడిగింది నేనే. ఒప్పుకుంది.

*

అక్టోబరు మొదటి ఆదివారం వాళ్ల నాన్నతో చెప్పడానికి వెళ్లాను. వంటింట్లో కైమా, మెదిపిన బంగాళదుంప. కర్స్టీ గిన్నెలు కడుగుతోంది, మాకు వీపు పెట్టి.

ఆర్చీ మెల్‌డ్రమ్ చేతిలో చెంచా కింద పెట్టాడు. కుర్చీ చేతులు పట్టుకుని, నడుం నొప్పిని ఓర్చుకుంటూ లేచి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నాయనా, దాని చేతి తప్పు వల్ల నీ పని కూడా పాడైంది. ఊరంతా తలో మాట అన్నారు. కన్నతండ్రిని, నేనూ అన్నాను. నువ్వొక్కడివే ఒక్క మాట అనలేదు. అలాంటివాడికి కాకపోతే ఇంకెవరికిస్తాను?"

కర్స్టీ వెనక్కి తిరగలేదు. కుళాయి మాత్రం కట్టేసింది. భుజాలు కదులుతున్నాయి.

దీవెన అంటే బరువుగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ ముసలి చెయ్యి కింద నిలబడలేకపోయాను. కాసేపు నడిచొద్దాం రమ్మని కర్స్టీని బయటికి తీసుకెళ్లాను. చెరువు గట్టున, పట్టపగలు, పిల్లలు బాతులకు బ్రెడ్డు వేస్తుంటే, చెప్పాను. మొదట్నుంచి. కుంచెకు అడ్డం వచ్చిందన్న దగ్గర్నుంచి.

ఆమె అరవలేదు. మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"ఆర్బ్రోత్‌లో నేను వాల్వ్ గురించి చెబుతున్నప్పుడు, అది నీ జేబులో ఉందా?"

"ఉంది."

"నేను చెప్పింది నీకు అర్థమైందా?"

"అయింది."

కోటు గుండీలు ఒక్కొక్కటే పైదాకా పెట్టుకుంది. తనతో రావొద్దని చెప్పి, ఇంటివైపు నడిచింది. మొదట నెమ్మదిగా. వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి పరిగెత్తుతోంది. దుఃఖంతో అనుకున్నాను. తర్వాత వాళ్ల నాన్న చెబితే తెలిసింది, ఇంట్లోకి రాకుండా నేరుగా వ్యాను దగ్గరికి వెళ్లి, పనిముట్ల సంచి బయటికి లాగి, రోడ్డు మీద కూర్చుని, స్పానర్లన్నీ ఒక్కొక్కటే తుడిచిందట. తుడుస్తూ నవ్విందట. ఎనిమిది నెలల్లో ఆయన ఆ నవ్వు వినడం అదే మొదలు.

మర్నాడు నేను మిస్ ఓగిల్వీ ఇంటికి వెళ్లాను. ఆవిడ నిలబడే విన్నారు. చిన్నప్పుడు స్వరం తప్పినప్పుడు చూసినట్టు చూశారు, కొట్టలేదు అంతే. ఆ పైగది నువ్వే మొదలుపెట్టావు, నువ్వే పూర్తి చెయ్యి అన్నారు. తర్వాత కోటు, టోపీ వేసుకుని, హై స్ట్రీట్ మధ్యలోంచి, అందరూ చూస్తుండగా, మెల్‌డ్రమ్ వాళ్లింటికి నడిచి వెళ్లారు. క్షమాపణ అడగడానికి. దారిలో పలకరించిన ప్రతివాళ్లకూ ఎందుకు వెళుతున్నారో చెప్పారు.

మామయ్య నన్ను పనిలోంచి తీసేయలేదు. "ఎనిమిది నెలలు నోరు మూసుకున్నవాడివి, మిగతా జన్మంతా మూసుకోలేకపోయావా" అన్నాడు. ఆ రోజు నుంచి ఇళ్ల తాళాలు నా చేతికివ్వడం మానేశాడు. ఊళ్లోవాళ్లు కూడా అంతే.

*

పైగది పని నవంబరులో అయింది. కొత్త చెక్కలు, కొత్త కాగితం, లేత పసుపుది. నెట్టీ గారే ఎంచుకున్నారు. నేను ఒక్కణ్నే చేశాను. ఆఖరి రోజు, బయట మళ్లీ మంచు కురుస్తుండగా, రేడియేటర్ బిగించడానికి మళ్లీ వ్యాను వేసుకుని కర్స్టీ వచ్చింది.

గుమ్మంలో నన్ను చూసి ఆగలేదు. సంచి కింద పెట్టింది. ఆ రేడియేటర్ ఒక్కరు ఎత్తేది కాదు. "ఆ చివర పట్టుకో" అంది. పట్టుకున్నాను. ఇద్దరం ఎత్తి గోడ కొక్కేలకు తగిలించాం. ఆమె వంగి నట్లు బిగించింది. వాల్వులు తెరిచింది. లోపలికి నీళ్లు వెళుతున్న గలగల వినిపించింది. పైన చిన్న తాళంచెవి తిప్పి లోపల చిక్కుకున్న గాలి వదిలింది. అది బుసకొట్టి, బుసకొట్టి, ఒక చుక్క నీరు రాగానే ఆగింది. ఆమె చేతుల్లో తడబాటు లేదు. ఒకసారి తడిమి చూసింది. రెండోసారి చూడలేదు.

ఇక లేస్తుందనగా అడిగాను, నా మీద కోపం ఎప్పటికైనా పోతుందా అని.

"పోయింది" అంది, స్పానర్ తుడుస్తూ. "మర్చిపోవడం మనిషన్నాక ఉంటుంది. భయపడి అబద్ధమాడటం కూడా ఉంటుంది. అవి రెండూ పోయాయి."

"మరి?"

"ఎనిమిది నెలలు నా చేతుల్ని నేనే నమ్మలేదు యూవన్. స్టవ్ కట్టేశానో లేదో కూడా నాకు తెలిసేది కాదు. పిచ్చెక్కుతోందేమో అనుకున్నాను. నువ్వు రోజూ పక్కన కూర్చుని ఆ చేతులే పట్టుకున్నావు."

నేను వంగి, నేల మీద రాలిన కాగితం ముక్క తీశాను.

"నువ్వంటే ఇష్టం పోలేదు. పోతుందని చూస్తున్నాను" అంది. సంచి మూసి, భుజానికి తగిలించుకుని కిందికి దిగింది.

కింద నెట్టీ గారు టీ తాగి వెళ్లమనడం వినిపించింది. కర్స్టీ సరేనంది. కుర్చీ జరిగిన చప్పుడు. ఏదో మాట, చిన్న నవ్వు. రేడియేటర్ వేడెక్కుతోంది. నేను కాగితం అంచులు చూస్తూ, చూడ్డానికి ఏమీ లేకపోయినా చూస్తూ, పైనే ఉండిపోయాను.

వ్యాను కదిలి వీధి చివరిదాకా వెళ్లాక కిందికి దిగాను. బల్ల మీద రెండు కప్పులున్నాయి. ఒకటి ఖాళీ. మీ ఇద్దరికీ ఒకేసారి పోశాను నాయనా, నువ్వు దిగుతావేమో అనుకున్నాను, చల్లారిపోయింది, మళ్లీ పెట్టనా అన్నారు నెట్టీ గారు.

వద్దని చెప్పి, నిలబడే తాగేశాను.